స్కూబా డైవింగ్‌కి ఊరు ఎంచుకునే ముందు క్యాలెండర్ చూడాలి

స్కూబా డైవింగ్ కోసం సెలవు పెట్టుకునేవాళ్లలో చాలామంది ఊరితో మొదలుపెడతారు. ఎక్కడో మాల్దీవుల నీళ్లో, బాలిలో మాంటా రే (రెక్కల్లాంటి మొప్పలతో ఈదే పెద్ద బల్లపరుపు చేప) వీడియోనో చూస్తారు. ఆఫీసులో ఏ వారం సెలవు దొరుకుతుందో అడిగి టికెట్లు కొనేస్తారు. మామూలు టూరుకైతే ఇందులో తప్పేమీ లేదు. వాన పడితే గుడికో మాల్‌కో వెళ్లి రోజు గడిపేయొచ్చు. డైవింగ్‌కి అలా కుదరదు. సముద్రం బాగాలేని వారంలో వెళ్తే పడవే కదలదు. కదిలినా, నీళ్లలోకి దిగాక ముందున్న మనిషి కాళ్లు తప్ప ఇంకేమీ కనిపించవు. అందుకే ఇక్కడ వరస తిరగెయ్యాలి. సెలవు ఏ నెలలో, దిగేవాళ్లకి అనుభవం ఎంత, చేతిలో ఎన్ని రోజులు ఉన్నాయి అన్నవి ముందు తేల్చుకుంటే ఊరు ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. ఊరు ముందు తేల్చుకుని మిగతావి దానికి అతికించబోతేనే డబ్బు వృథా.

అసలు ఉష్ణమండల సముద్రమే ఎందుకు అంటే, పగడపు దిబ్బల కోసం. దిబ్బలు కట్టే పగడాలకి వెచ్చటి నీళ్లు కావాలి. సుమారు 23 నుంచి 29 డిగ్రీల మధ్య అవి బాగా పెరుగుతాయి. వాటి ఒంట్లో ఉండే నాచు ఆహారం తయారుచేసుకోవడానికి ఎండ తగలాలి కాబట్టి నీళ్లు తేటగానూ ఉండాలి. దిబ్బ ఉన్నచోట చేపలు, తాబేళ్లు, ఆక్టోపస్‌లు, వాటి వెనక సొరచేపలు చేరతాయి.

మరి విశాఖపట్నం కూడా ఉష్ణమండలంలోనే ఉంది కదా, అక్కడ పగడాల దిబ్బలు ఎందుకు లేవు? సమాధానం నదుల్లో ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ బంగాళాఖాతంలోకే మట్టినీ మంచినీళ్లనీ మోసుకొస్తాయి. బురద పేరుకుంటే పగడానికి ఎండ అందదు, మంచినీళ్లు ఎక్కువైతే ఉప్పదనం తగ్గుతుంది. రెండూ పగడానికి పడవు. దేశంలో పేరున్న పగడపు దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, పాక్ బే, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి తప్ప ఆంధ్ర తీరంలో లేవు. రుషికొండలో స్కూబా చేయిస్తారు, రాళ్ల చుట్టూ చేపలూ కనిపిస్తాయి. మొదటిసారి నీళ్లలో ఊపిరి పీల్చి చూడ్డానికి అది చాలు. ఒక వారం సెలవు మొత్తం డైవింగ్‌కే పెట్టదలచుకున్నవాళ్లు మాత్రం ఇంకా దూరం పోవాల్సిందే.

ఒకే దేశం, రెండు సముద్రాలు

మన చుట్టుపక్కల సముద్రాలన్నిటినీ నడిపించేవి రుతుపవనాలు. నైరుతి గాలి వీచే నెలల్లో ఆ గాలికి ఎదురుగా ఉన్న తీరం అల్లకల్లోలంగా ఉంటుంది. అదే భూమికి వెనకవైపు ఉన్న తీరం ప్రశాంతంగా ఉంటుంది. ఈశాన్య గాలి మొదలవగానే రెండూ తారుమారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం నిర్ణయాలు సులువు.

థాయిలాండ్‌నే తీసుకోండి. పడమటి వైపు అండమాన్ సముద్రంలో ఉన్న సిమిలాన్ దీవులని ప్రభుత్వం ఏటా మే నెల మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తుంది. ఆ నెలల్లో నైరుతి గాలి నేరుగా అక్కడికే కొడుతుంది. అదే సమయంలో తూర్పు వైపు సింధుశాఖలో ఉన్న కో తావ్ దీవిలో డైవింగ్ హాయిగా సాగుతుంటుంది, మధ్యలో ఉన్న భూభాగం గాలిని ఆపుతుంది కాబట్టి. నవంబర్ వచ్చేసరికి కో తావ్‌లో వానలు, సిమిలాన్‌లో సీజన్. జులైలో థాయిలాండ్ వెళ్లి సిమిలాన్ పడవ అడిగేవాళ్లూ, నవంబర్‌లో కో తావ్‌లో కోర్సు బుక్ చేసుకునేవాళ్లూ చేసేది ఒకటే తప్పు. దేశం పేరు చూశారు, తీరం చూడలేదు.

శ్రీలంకదీ ఇదే కథ. హిక్కడువ, కొలంబో ఉన్న పడమటి తీరానికి నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచి రోజులు. ట్రింకోమలీ, బట్టికలోవా ఉన్న తూర్పు తీరానికి సుమారు మే నుంచి సెప్టెంబర్ దాకా. బట్టికలోవా దగ్గర సముద్రం అడుగున హెచ్ఎంఎస్ హెర్మిస్ అనే బ్రిటిష్ విమాన వాహక నౌక ఉంది. 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాలు దాన్ని ముంచేశాయి. అంతకు మూడు రోజుల ముందు, ఏప్రిల్ 6న, అదే దాడుల వరసలో విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఆ కథ ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్న తెలుగువాళ్లకి ఆ ఓడని చూడాలనిపించడం సహజం. అయితే అది 50 మీటర్లకి పైగా లోతులో ఉంది. సరదా డైవింగ్‌కి గరిష్ఠ పరిమితి 40 మీటర్లు. దాన్ని దాటి వెళ్లడానికి టెక్నికల్ డైవింగ్ అనే వేరే శిక్షణ కావాలి.

మలేషియా తూర్పు తీరంలోని పెర్హెంటియన్ దీవుల్లో ఈశాన్య గాలి వీచే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చాలా రిసార్టులు తాళం వేసుకుంటాయి. జూన్, జులైల్లో అవే దీవులు కిటకిటలాడతాయి.

మాల్దీవుల్లో విషయం ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది. అక్కడ దాదాపు ఏడాది పొడవునా డైవింగ్ నడుస్తుంది. కాబట్టి ఎప్పుడు వెళ్లాలి అన్న ప్రశ్న, ఏ వైపుకి వెళ్లాలి అన్న ప్రశ్నగా మారుతుంది. ఈశాన్య గాలి నెలల్లో, అంటే సుమారు డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా, నీళ్లు తూర్పు నుంచి పడమరకి పారతాయి. బయటి సముద్రం తేట నీళ్లు తూర్పు వైపు కాలువల్లోంచి అటోల్ (ఉంగరంలా ఉండే పగడపు దిబ్బల, దీవుల వలయం) లోపలికి వస్తాయి. ఆ కాలువల మొదట్లో సొరచేపలు ప్రవాహానికి ఎదురీదుతూ నిలబడతాయి. అటోల్ లోపలి ప్లవకం (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) పడమటి వైపు నుంచి బయటికి పోతుంది, దాన్ని తినే మాంటాలు అటువైపు చేరతాయి. నైరుతి నెలల్లో మొత్తం తిరగబడుతుంది. మాంటాలు తూర్పు అంచులకి మారతాయి, నీళ్లు కాస్త మసకబారతాయి.

బా అటోల్‌లోని హనిఫారు బే దీనికి పెద్ద ఉదాహరణ. మే నుంచి నవంబర్ మధ్య ప్లవకం ఆ చిన్న గుంటలోకి చేరినప్పుడు మాంటాలు పదుల సంఖ్యలో వచ్చి గిరగిరా తిరుగుతూ తింటాయి. బ్రోషర్లలో ‘ఆఫ్ సీజన్’ అని రేటు తగ్గించి అమ్మే నెలలే మాంటాలకి అసలు సీజన్ అన్నమాట. ఒక మెలిక ఉంది. హనిఫారులో స్కూబా నిషేధం, గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనే ఈదే స్నార్కెలింగ్ మాత్రమే. సిలిండర్ కట్టుకుని అక్కడ దిగుదామని ప్లాన్ చేసుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన మాట ఇది. తిమింగల సొరని చూడాలంటే దక్షిణ అరి అటోల్ ఉంది, అక్కడ అవి ఏడాది పొడవునా తిరుగుతుంటాయి.

మన పండుగలు, వాళ్ల సీజన్లు

తెలుగు ఇళ్లలో సెలవులు సంక్రాంతికో, వేసవికో, దసరాకో, క్రిస్మస్‌కో వస్తాయి. పిల్లల బడిని బట్టి మిగతాదంతా. కాబట్టి ఆ తేదీల నుంచే లెక్క మొదలుపెడదాం.

సంక్రాంతి డైవర్లకి చాలా మంచి సమయం. అండమాన్‌లో సముద్రం తేరుకుని ఉంటుంది, మాల్దీవుల్లో నీళ్లు తేటగా ఉంటాయి, సిమిలాన్ తెరిచి ఉంటుంది, శ్రీలంక పడమటి తీరం బాగుంటుంది. తూర్పు ఇండోనేషియాలోని రాజా అంపాత్‌కీ అది సీజనే. బాలిలో మాత్రం అప్పుడు వానాకాలం. డైవింగ్ ఆగదు గానీ వాన పడ్డాక కొండల మీది బురద తీరానికి వస్తుంది.

వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా, లెక్క వేరు. అండమాన్ మే నెల మధ్య దాకా ఫర్వాలేదు, ఆ తర్వాత నైరుతి వచ్చేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని తుబ్బతాహా దిబ్బలకి మాత్రం ఇదొక్కటే అవకాశం. మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా మాత్రమే అక్కడికి పడవలు వెళ్తాయి. ప్యుయెర్టో ప్రిన్సెసా అనే రేవు పట్టణం నుంచి రాత్రంతా ప్రయాణం, బస పడవలోనే, దిబ్బ మీద హోటల్ అన్నది లేదు. 1993 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న చోటు అది. ఇండోనేషియాలోని బాలి, కొమోడో కూడా ఏప్రిల్ నుంచి గాడిలో పడతాయి.

ఆగస్టు 15 చుట్టూ సెలవు కలిపి ఒక వారం చేసుకునేవాళ్లకి మన దేశంలో డైవింగ్ దాదాపు లేనట్టే. ఇండోనేషియా, పెర్హెంటియన్, కో తావ్, ట్రింకోమలీ వైపు చూడాలి. రాజా అంపాత్‌లో మాత్రం జులై నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణం గాలి గట్టిగా ఉంటుంది. కొమోడో, రాజా అంపాత్ ఒకే దేశంలో ఉన్నా సీజన్లు దాదాపు ఎదురెదురు.

దసరా, దీపావళి నెలలు కాస్త టెన్షన్ పెట్టేవి. బంగాళాఖాతంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాల కాలం, దాని ప్రభావం అండమాన్ మీదా ఉంటుంది. 2016 డిసెంబర్ మొదట్లో, తర్వాత వార్దా తుపానుగా మారిన వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వందలమంది పర్యాటకులు చిక్కుకుపోయారు. వాళ్లని తీసుకురావడానికి నౌకాదళం ఓడలు వెళ్లాల్సి వచ్చింది. ఆ నెలల్లో అండమాన్ వెళ్లకూడదని కాదు. వెళ్తే తిరుగు టికెట్‌కి ముందు ఒకటి రెండు ఖాళీ రోజులు పెట్టుకోవాలి, రీఫండ్ దొరికే బుకింగే చెయ్యాలి. అంత తలనొప్పి వద్దనుకుంటే అక్టోబర్‌లో బాలి బాగుంటుంది.

బాలి అంటే ఒక హెచ్చరిక. ఉష్ణమండలం కదా, నీళ్లు వెచ్చగా ఉంటాయిలే అనుకుంటే బాలి పక్కనే ఉన్న నుసా పెనిడా దీవి దగ్గర దెబ్బతింటారు. జులై నుంచి అక్టోబర్ దాకా అక్కడ లోతుల్లోంచి చల్లటి నీళ్లు పైకి ఉబుకుతాయి. ఒక్కోచోట ఉష్ణోగ్రత 20 డిగ్రీల దిగువకీ పడిపోతుంది. ఆ చల్లదనంతోపాటే మోలా మోలా అనే పెద్ద చేప పైకి వస్తుంది, దాని కోసమే జనం వెళ్తారు. హైదరాబాద్ డిసెంబర్ చలికే స్వెటర్ వేసుకునేవాళ్లు 5 మిల్లీమీటర్ల మందం ఉన్న వెట్‌సూట్ (చలి ఆపే డైవింగ్ దుస్తులు) అడిగి తీసుకోవడం మంచిది.

కార్డులో ఏముంది, అనుభవంలో ఏముంది

నెల తేలాక చూడాల్సింది దిగే మనిషి. ఏ శిక్షణా లేనివాళ్లు చేసేది డిస్కవర్ స్కూబా. హేవ్‌లాక్‌లో (ఇప్పుడు అధికారికంగా స్వరాజ్ ద్వీప్) రోజూ ఎంతోమంది చేసేది ఇదే. ముందు ఆరోగ్య ఫారం నింపిస్తారు. తర్వాత ఛాతీ లోతు నీళ్లలో నిలబెట్టి రెగ్యులేటర్‌తో (సిలిండర్ నుంచి గాలి అందించే పరికరం) నోటి ద్వారా ఊపిరి తీయడం, మాస్క్‌లోకి నీళ్లొస్తే ముక్కుతో ఊదడం, ముక్కు మూసుకుని చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడం నేర్పుతారు. ఆపైన ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి సిలిండర్ పట్టుకుని నెమ్మదిగా లోపలికి తీసుకెళ్తాడు. ఎక్కడ తిరగాలో, ఎంత లోతుకి పోవాలో అంతా అతని చేతుల్లోనే. పరిమితి 12 మీటర్లు, చాలాసార్లు అంత దాకా కూడా పోరు. ఈత రానివాళ్లు కూడా చేయగలిగేది అందుకే. అనుభవం బాగుంటుంది, ఫొటోలు వస్తాయి. కానీ దీనికోసం మాల్దీవుల దాకా, ఇండోనేషియా దాకా పోనక్కర్లేదు. ఎక్కడ చేసినా ఆ అరగంటలో సగం ధ్యాస ఊపిరి మీదా చెవుల మీదా ఉంటుంది.

తర్వాతి మెట్టు ఓపెన్ వాటర్ కోర్సు. మూడు నాలుగు రోజులు పడుతుంది. ఈత పరీక్షలో 200 మీటర్లు ఈది, పది నిమిషాలు తేలాలి. పాసైతే 18 మీటర్ల దాకా, మరో డైవర్ తోడుతో, దిగే అర్హత వస్తుంది. అడ్వాన్స్‌డ్ చేస్తే 30 మీటర్లు. పాడీ, ఎస్ఎస్ఐ అన్నవి ఎక్కువగా కనిపించే రెండు శిక్షణ సంస్థలు. దేని కార్డైనా ప్రపంచమంతా చెల్లుతుంది కాబట్టి ఏది మేలు అని బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, నేర్పే మనిషి ముఖ్యం.

ఓపెన్ వాటర్ కార్డు చేతికి వచ్చిన రోజుకి ఆ మనిషి సముద్రంలో చేసినవి సాధారణంగా నాలుగే డైవ్‌లు. ఈ సంగతి మర్చిపోయి మరుసటి నెలే కొమోడో బుక్ చేసుకునేవాళ్లున్నారు. కొమోడోలో పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రానికి పోయే నీళ్లు ఇరుకు సందుల్లోంచి దూసుకెళ్తాయి. అంత ఉధృతమైన ప్రవాహమే అక్కడి చేపల సంపదకి కారణం, అదే ప్రమాదానికీ కారణం. నీళ్లు పక్కకే కాదు, కిందికి కూడా లాగుతాయి. నీళ్లలో పైకీ కిందికీ పోకుండా నిలకడగా తేలడం ఇంకా రాని మనిషి అక్కడ చేపల్ని చూడడు, గాలి, లోతు చూపే తన గేజ్‌ని చూసుకుంటూ గడిపేస్తాడు. మాల్దీవుల కాలువలు, మలేషియాలోని సిపదాన్, రాజా అంపాత్‌లో చాలా చోట్లు ఇదే కోవలోవి. రాజా అంపాత్‌లోని కేప్ క్రి దగ్గర 2012లో జెరాల్డ్ అలెన్ అనే చేపల శాస్త్రవేత్త ఒక్క డైవ్‌లో 374 జాతుల్ని లెక్కపెట్టాడు. ఆ సంఖ్య చూసి ఊరిస్తే ఊరించనివ్వండి. ముప్పై నలభై డైవ్‌లు అయ్యాక వెళ్తే అందులో కొన్నైనా గుర్తుపట్టగలుగుతారు. వారం రోజులు పడవలోనే ఉండే లివ్‌అబోర్డ్ ట్రిప్పుల్లో చాలావాటికి అడ్వాన్స్‌డ్ కార్డుతోపాటు కనీసం ఇన్ని డైవ్‌లు చేసి ఉండాలన్న షరతు ఉంటుంది.

కొత్తవాళ్లకి, డైవ్‌ల సంఖ్య పెంచుకోవాలనుకునేవాళ్లకి బాలి ఈశాన్య తీరంలోని తులంబెన్ లాంటి చోటు ఇంకోటి చెప్పడం కష్టం. పడవ అవసరం లేదు, ఒడ్డు నుంచే నడిచి దిగుతారు. ఒడ్డంతా నల్లటి గుండ్రాళ్లు. సిలిండర్ బరువుతో వాటి మీద నడవడమే అసలు కష్టం, నీళ్లలోకి వెళ్లాక కాదు. అందుకే ఆ ఊరి ఆడవాళ్లు సిలిండర్లని నెత్తిన పెట్టుకుని, చెప్పులేసుకుని, చకచకా ఒడ్డు దాకా మోసుకొస్తారు. డైవర్లు మాస్క్ సర్దుకుంటూ తడబడుతుంటే వాళ్లు రెండో ట్రిప్పుకి వెనక్కి వెళ్తుంటారు. కొద్ది దూరం ఈదగానే లిబర్టీ అనే అమెరికా సరుకు రవాణా ఓడ కనిపిస్తుంది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడో తగిలి దెబ్బతిన్న ఆ ఓడని లాక్కొచ్చి ఇక్కడి ఒడ్డుకి చేర్చారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు అది జారి నీళ్లలో పడింది. పై భాగం ఈతగాళ్లకి అందేంత లోతులో మొదలై, అడుగు దాదాపు 30 మీటర్ల దగ్గర ఉంటుంది. కాబట్టి డిస్కవర్ చేసేవాడూ, వంద డైవ్‌లు చేసినవాడూ ఒకే ఓడ మీద తిరగొచ్చు. పొద్దెక్కితే టూరిస్టు బృందాలతో రద్దీ. ఆ ఊళ్లోనే రాత్రి ఉండి, సూర్యోదయం వేళ దిగడం తెలివైన పని.

వేళ్ల మీద లెక్కపెట్టే రోజులు

డైవింగ్ ప్లాన్లలో చాలామంది తప్పు లెక్క వేసేది ఇక్కడే. డైవ్ తర్వాత వెంటనే విమానం ఎక్కకూడదు. లోతులో ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఈలోపు విమానం ఎత్తుకి వెళ్తే ఒత్తిడి తగ్గి ఆ వాయువు బుడగలు కట్టే ప్రమాదం ఉంది. డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ సూచన ప్రకారం ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా రోజుకి రెండు మూడు డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలి. అంటే ఆఖరి రోజు నీళ్లలోకి దిగడం లేదు.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఐదు రోజుల హేవ్‌లాక్ ట్రిప్పు లెక్క చూడండి. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి శ్రీ విజయపురం) విమానం, అక్కడి నుంచి ఫెర్రీ. ఐదో రోజు ఫెర్రీ, విమానం. మిగిలింది మధ్యలో మూడు రోజులు. ఆ మూడింటిలో చివరి రోజు మధ్యాహ్నం డైవ్ చేసి మర్నాడు పొద్దున్నే విమానమంటే 18 గంటలు సరిపోవు. ఆ మూడు రోజుల్లో ఓపెన్ వాటర్ కోర్సు పెట్టుకుంటే ఒక్క పూట చెవి నొప్పి వచ్చినా, ఒక్క రోజు గాలి లేచినా కోర్సు ఆగిపోతుంది. ఈ ఇబ్బందికి మంచి మందు ఉంది. పాఠాలు ఆన్‌లైన్‌లో, ఈతకొలను భాగం ఊళ్లోనే పూర్తి చేసుకుని, సముద్రంలో చేసే నాలుగు డైవ్‌లకి మాత్రం దీవికి వెళ్లడం. దీన్ని రిఫరల్ అంటారు. సెలవులో రెండు రోజులు మిగులుతాయి.

కొండల సంగతి కూడా ఇందులోకే వస్తుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. తులంబెన్‌లో పొద్దున రెండు డైవ్‌లు చేసి మధ్యాహ్నం అగ్నిపర్వతం చూడ్డానికి కారులో కింతామణి పోతారు. ఆ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. లక్షద్వీప్ నుంచి కొచ్చి వచ్చి అటునుంచి అటే మున్నార్ ఎక్కేవాళ్లదీ ఇదే పరిస్థితి. విమానానికి ఆగినట్టే ఘాట్ రోడ్డుకీ ఆగాలి.

దిబ్బ బతికే ఉందా

ఫొటోలో కనిపించే దిబ్బ ఇప్పుడు అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. సముద్రం మామూలుకన్నా వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే పగడాలు తమలోని నాచుని వదిలేసి తెల్లబడతాయి. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటాయి, లేకపోతే చచ్చిపోతాయి. 1998లో లక్షద్వీప్, మాల్దీవులు తీవ్రంగా దెబ్బతిన్నాయి, 2010లో అండమాన్. 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇలాంటి తెల్లబడటం జరుగుతోందని ప్రకటించింది. ఆ మరుసటి నెలే లక్షద్వీప్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ చెప్పింది.

దీన్నిబట్టి ఎక్కడికీ పోవద్దని కాదు. నోవా కోరల్ రీఫ్ వాచ్ మ్యాపులు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఒక ప్రాంతంలో వేడి ఎంత పేరుకుందో అందులో డిగ్రీ వారాల లెక్కలో ఉంటుంది (మామూలు గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడి ఒక వారం ఉంటే ఒక డిగ్రీ వారం). నాలుగు దాటితే తెల్లబడే అవకాశం ఎక్కువనీ, ఎనిమిది దాటితే పగడాలు చచ్చిపోయే అవకాశం ఎక్కువనీ స్థూలంగా అర్థం. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవాళ్లు బుకింగ్ ముందు ఒకసారి అది చూసుకోవాలి. పగడాలు నీరసించిన చోట కూడా మునిగిన ఓడలు, సొరచేపలు, మాంటాలు ఉండొచ్చు. ఫిలిప్పీన్స్‌లోని కొరోన్‌లో 1944 సెప్టెంబర్‌లో అమెరికా విమానాలు ముంచిన జపాన్ ఓడల్ని చూడ్డానికి పోయేవాడికి పగడాల రంగుతో పెద్దగా పనిలేదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల లెక్క కొంచెం వేరు. అమెరికాలో ఉన్నవాళ్లకి దగ్గర కరీబియన్. అక్కడ రుతుపవనాల బదులు జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ల సీజన్. థాంక్స్‌గివింగ్ వారం ఆ సీజన్ చివర్లో పడుతుంది. బొనైర్ దీవి మామూలుగా హరికేన్లు తిరిగే దారికి దక్షిణాన ఉండటం దానికి కలిసొచ్చే విషయం. 1979 నుంచీ దాని చుట్టూ ఉన్న సముద్రమంతా రక్షిత పార్కు. పికప్ ట్రక్కు అద్దెకి తీసుకుని, వెనక సిలిండర్లు వేసుకుని, రోడ్డు పక్కన డైవింగ్ చోటుకి గుర్తుగా పెట్టిన పసుపు రాయి కనిపించిన చోట ఆపి దిగిపోవడం అక్కడి పద్ధతి. 2023లో అక్కడా పగడాల వ్యాధి బయటపడింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి మస్కట్ దగ్గరి దేమానియత్ దీవులు వారాంతంలో వెళ్లొచ్చే దూరం. కచ్చితంగా కొలిస్తే అవి కర్కటరేఖకి కాస్త పైన ఉన్నాయి, అయినా తాబేళ్లకి ఆ సంగతి తెలియదు.

ఇంట్లో అందరూ డైవ్ చెయ్యరు. ఇది చిన్న విషయంలా కనిపించి ట్రిప్పునే పాడుచేస్తుంది. లివ్‌అబోర్డ్‌లో నీళ్లలోకి దిగనివాళ్లకి వారమంతా డెక్ తప్ప ఇంకేం లేదు. బాలిలో గుడులు, పొలాలు, బజార్లు ఉన్నాయి. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ ఉంది. శాకాహారం పట్టింపు ఉన్నవాళ్లకి అండమాన్‌లో ఇబ్బంది లేదు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో బాగానే ఉన్నారు, అన్నం పప్పు ఎక్కడైనా దొరుకుతుంది. చిన్న ఇండోనేషియా పడవలో అదే మాట చెప్పలేం, ముందే రాసి పంపాలి.

ఆరోగ్య ఫారాన్ని ఇంట్లో ఉండగానే చదవాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం వంటి ప్రశ్నలు ఉంటాయి. వాటిలో అవును అని రాస్తే డాక్టర్ సంతకం అడగొచ్చు. దీవిలో అప్పటికప్పుడు ఆ డాక్టర్ దొరకడు, పడవ ఆగదు. అందుకని ‘లేదు’ అని టిక్ పెట్టేసేవాళ్లు తమ ప్రాణంతోనే ఆటలాడుతున్నట్టు. కళ్లజోడు ఉన్నవాళ్లకి పవర్ ఉన్న మాస్క్‌లు దొరుకుతాయి, సైజూ పవరూ ముందే చెప్పాలి. ప్రయాణ బీమా పాలసీల్లో చాలావాటికి స్కూబా విషయంలో మినహాయింపో లోతు పరిమితో ఉంటుంది, ఆ పేజీ చదివి చూడాలి.

ఆఖరికి డైవ్ షాపు. రేటింగుల కన్నా ఒక వాట్సాప్ మెసేజ్ ఎక్కువ చెబుతుంది. ఫలానా తేదీల్లో వస్తున్నాం, ఇన్ని డైవ్‌లు చేశాం, ఒక గైడ్‌కి ఎంతమందిని ఇస్తారు, పడవలో ఆక్సిజన్ ఉంటుందా, దగ్గరలో రీకంప్రెషన్ చాంబర్ (ఒంట్లో బుడగలు కట్టినవాళ్లకి ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది) ఎక్కడుంది అని అడగండి. రేటు కార్డు మాత్రం పంపి ‘ఎప్పుడైనా రండి సార్, విజిబిలిటీ సూపర్’ అనే షాపుని పక్కన పెట్టేయండి. ‘ఆ వారం మా దగ్గర గాలి ఎక్కువ, ఉత్తరం వైపు రెండు సైట్లే దొరకొచ్చు, నెల తర్వాత వస్తే మేలు’ అని రాసినవాళ్లు దొరికితే వాళ్ల దగ్గరే బుక్ చేసుకోండి. కుదిరితే ఆ నెల తర్వాతే.